వానాకాలం జీతాలు ఎక్కడి నుంచి?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. ఆరేళ్లుగా జాంబియాలో, లుసాకాలో ఉంటున్నాం. పోయిన ఆగస్టులో సౌత్ లువాంగ్వా పార్కు చూడ్డానికి ఎంఫూవే వెళ్లాం. అక్కడ పిండి ముద్దతో గుడ్డ మీద గీతలు గీసి, మధ్యలో రంగులేసే పని చూశాక మనసు దాని మీదే ఉంది. ఊళ్లోని ఆడవాళ్లు పది మందితో చిన్న వర్క్‌షాప్ పెట్టాలనుకుంటున్నాను. ఎవరి కష్టమూ తినకూడదని నా పట్టుదల. పీసుకింత అని ఇవ్వాలా, నెల జీతమా? ఇంకోటి, నేను 200 క్వాచాలకి (ఇక్కడి డబ్బు) ఇచ్చే కుషన్ కవరు 450కి అమ్ముతామని లాడ్జివాళ్లు అంటున్నారు. అది అన్యాయం కాదా?
— ఒక సోదరి, లుసాకా

జవాబు: చెల్లెమ్మా, రెండో ప్రశ్న తేలిక, ముందు అది చెప్పేస్తాను. లాడ్జికి షాపు ఖర్చుంటుంది, మనిషి ఖర్చుంటుంది, 450కి అమ్ముకోనివ్వండి. మీరు చూసుకోవాల్సింది మీ 200లో గీసినామెకి, రంగులేసినామెకి, కుట్టినామెకి ఎంత చేరిందన్నది, ఆ 200 మీ చేతికి ఎప్పుడొస్తుందన్నది. నేను ఆ లువాంగ్వా లోయలో తొమ్మిదేళ్లు ఇదే పని చేశాను. అమ్మాక ఇస్తామని సరుకు తీసుకున్న ఒక లాడ్జి సీజనంతా బాకీ పెట్టి, వానలు పడగానే మూసేసి వెళ్లిపోయింది. ఆ జనవరిలో పడ్డ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. సగం అడ్వాన్సు చేతిలో పడకుండా సరుకు కదపకండి.

ఇక అసలు సంగతి. జీతమే ఇవ్వండి, పీసు రేటు వద్దు. అక్కడ టూరిస్టులు ఎక్కువగా వచ్చేది మే నుంచి అక్టోబరు దాకా. నవంబరులో వానలు మొదలైతే నల్లరేగడి బాటల్లో జీపులు దిగబడతాయి, చాలా క్యాంపులు మూసేస్తారు, ఏప్రిల్ దాకా అమ్మకాలు పడిపోతాయి. పల్లెలో గాదెలు ఖాళీ అయ్యేదీ సరిగ్గా అప్పుడే. పాత మొక్కజొన్న అయిపోయి ఉంటుంది, కొత్త పంట ఇంటికి రావడానికి మార్చో ఏప్రిలో కావాలి. మధ్యలో జనవరిలో బడులు తెరుస్తారు. 2022 నుంచి సర్కారు బడుల్లో ఫీజు తీసేశారు గానీ యూనిఫాం, బూట్లు, పుస్తకాలు కొనాల్సిందే కదా. పీసు రేటు పెట్టారంటే, ఆమెకి డబ్బు ఎక్కువ అవసరమైన నెలల్లోనే మీ దగ్గర పని ఉండదు. మనం ట్యాగు మీద ‘న్యాయమైన ధర’ అని రాసుకుంటాం, ఫిబ్రవరిలో ఆ ఇంట్లో న్షిమా ఉడకదు. న్షిమా అంటే మన సంకటిలాంటిదే, మొక్కజొన్న పిండితో చేస్తారు.

అందుకే ధర కట్టేటప్పుడే ఆరు నెలల వానాకాలం జీతాలు అందులో కలిపి కట్టండి. ఆ డబ్బు వేరే ఖాతాలో వెయ్యండి, రంగులు కొనడానికి కూడా దాన్ని ముట్టుకోకండి. పని కూడా కాలాన్ని బట్టి పంచుకోవాలి. ఎండాకాలంలో గీతలు, రంగులు అన్నీ కానిచ్చేసి పెట్టుకుంటే వానల్లో కుట్టుపని ఉంటుంది. తేమకి పిండి ముద్ద ఆరదు, బూజు పడుతుంది, కాబట్టి ఎలాగూ అప్పుడు గీయలేరు. నవంబరు, డిసెంబరుల్లో వాళ్లకి విత్తనాల పని ఉంటుంది, సగం రోజు వస్తే చాలనుకోండి. జీతం అన్నాక చట్టం కూడా వస్తుంది: నాప్సా అనే సర్కారు పెన్షన్‌కి మీ వాటా 5 శాతం, ఆమె వాటా 5 శాతం కట్టాలి. 2019 నాటి ఉద్యోగ చట్టం ప్రకారం కాన్పుకి 14 వారాల సెలవు ఇవ్వాలి. పది మంది ఆడవాళ్లతో పని అన్నారు కాబట్టి ఇది మొదటిరోజే లెక్కలో రాసుకోండి.

పిండి గురించి ఒకటి చెప్పాలి. గోధుమపిండి ముద్దని ప్లాస్టిక్ సంచి మూల కత్తిరించి, మెహందీ కోన్ నొక్కినట్టు నొక్కుతూ గీస్తారు, ఆరాక రంగులేసి, ఓవెన్‌లో వేడి తగిలించి, నీళ్లలో నానబెట్టి పిండి గీకేస్తే తెల్లగీతలు తేలతాయి. 2024లో కరువొచ్చి మొక్కజొన్న ఎండిపోయింది, కరెంటు తీసే కరీబా డ్యాములో నీళ్లు తగ్గి గంటల తరబడి కరెంటు లేదు. ఆ ఏడాది ఒకామె తొట్టి దగ్గర కూర్చుని గుడ్డ గీకుతూ, నీళ్లలో కలిసిపోతున్న ఆ తెల్లపిండిని చూస్తూ చెయ్యి ఆపేసింది. ఏమీ అనలేదు, కాసేపటికి మళ్లీ గీకడం మొదలుపెట్టింది. ఆ నెల నుంచి జీతంతో పాటు మనిషికో 25 కిలోల మొక్కజొన్న పిండి బస్తా ఇచ్చాం. ముందే ఇవ్వాల్సింది, నాకు తోచలేదు. మీరు మొదటి వానాకాలం నుంచే ఇవ్వండి. ఓవెన్ కూడా గ్యాసుదే తీసుకోండి.

ట్యాగు మీద అబద్ధం రాయకండి. తూర్పు జాంబియాలో పత్తి పండుతుంది గానీ చాలావరకు దూదిగానే బయటికి పోతుంది, మీరు కొనే గుడ్డ వేరే దేశానిది కావచ్చు. గుడ్డ ఎక్కడిదో, గీసింది ఎక్కడో రెండూ రాయండి. మన శ్రీకాళహస్తి కలంకారీ నెమళ్లు తెచ్చి అక్కడి బొమ్మలని అమ్మొద్దు కూడా. వాళ్లు రోజూ చూసే చేపలు, పిట్టలు, బావోబాబ్ చెట్లు వాళ్లనే గీయనివ్వండి.

చివరగా, సాయంత్రం నాలుగింటికి తాళం వేసెయ్యండి. ఆరు, ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. మామిడికాయల కాలంలో ఏనుగులు ఊళ్లోకే వస్తాయి, మీ పనివాళ్లు నడిచివెళ్లే బాట అదే. శనివారానికి నలభై కవర్లు కావాలని లాడ్జి నుంచి ఫోనొస్తుంది, ఇంకో గంట ఉంటామని వాళ్లే అంటారు కూడా. ఒప్పుకోకండి. మర్నాడు పొద్దున్నే ఆరింటికి తలుపు తీయండి.