ఆయాసం టీబీదా, రాతిపొడిదా?

ప్రశ్న: మా ఆయన పలుగురాయి పొడి కొట్టే మిల్లులో 12 ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఈఎస్‌ఐ కార్డు ఉంది. టీబీ మందులు వాడినా ఆయాసం తగ్గలేదు. పని వల్ల వచ్చిన జబ్బని తేలితే డబ్బులు వస్తాయా?

జవాబు: వస్తాయమ్మా. పని వల్ల వచ్చే జబ్బుల జాబితా అయిన చట్టం మూడో షెడ్యూల్లో సిలికోసిస్ (రాతిపొడి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. పనిలో జరిగిన ప్రమాదంతో సమానంగా చూస్తారు. చిక్కంతా రుజువులోనే. ఎక్స్‌రేలో సిలికోసిస్ మచ్చల్ని టీబీ అనుకోవడం తేలిక, పైగా రెండూ ఒకరికే ఉండటమూ మామూలే. ఓపీ చీటీలో వృత్తి ఎదురుగా ‘కూలీ’ అని రాసి వదిలేస్తారు. కేసు పాడయ్యేది అక్కడే. ‘పలుగురాయి మిల్లు, పొడి కొట్టే యంత్రం దగ్గర, 12 ఏళ్లు’ అని డాక్టరు చేత రాయించండి. కఫం పరీక్ష రిపోర్టు నెగెటివ్ అయినా పారేయకండి. పాత ఎక్స్‌రే ఫిల్ములు, జీతం చీటీలు కూడా దాచండి.

తర్వాత ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అర్జీ పెట్టాలి. సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది. సగటు రోజు కూలి 500 అనుకుందాం. పూర్తి రేటు అందులో 90 శాతం, అంటే 450. నష్టం 40 శాతమంటే రోజుకు 180 రూపాయలు, జీవితాంతం. పనిలో కొనసాగినా ఆగదు. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలుకు వెళ్లొచ్చు.

యజమాని ఈఎస్‌ఐ చందా కట్టకుండా ఎగ్గొట్టినా ఈ హక్కు పోదు. అయితే ఈఎస్‌ఐ కింద ఉన్నవారు అదే జబ్బుకు యజమాని మీద విడిగా పరిహారం కేసు వేయడం కుదరదు.