కౌంటర్ రద్దీలో ఊపిరితో నిదానం వస్తుందా?

రాయగడ బ్యాంకు కౌంటర్‌లో ఒకరు ఒడియాలో, ఒకరు తెలుగులో ఒకేసారి అడుగుతుంటే కంగారులో లెక్క తప్పుతోంది, శ్వాస వ్యాయామం పనికొస్తుందా అని మీ ప్రశ్న.

పనికొస్తుంది. అసలు పని చేసేది వదిలే ఊపిరి. అప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది. నిటారుగా కూర్చుని బొడ్డు మీద అరచెయ్యి ఆనించండి. ముక్కుతో 4 సెకన్లు పీల్చి, 6 సెకన్లు వదలండి. చెయ్యి లేవాలి, భుజాలు లేవకూడదు. నిమిషానికి 6 శ్వాసలు, కౌంటర్ తెరిచేముందు 5 నిమిషాలు చాలు.

ఆత్రంగా పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తేనే చిక్కు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. అలా అయితే ఆపేసి మామూలుగా పీల్చండి. నోట్ల కట్ట చేతిలో ఉండగా మాత్రం మొదలెట్టకండి, రెండు లెక్కలూ కలిసిపోతాయి!