అడగండి, చెబుతాం: దక్షిణ ఇటలీకి నాలుగు రోజులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే దారి పట్టాయి. పిల్లలు యూరప్‌లో చదువుతున్నారు, సెలవులు నాలుగు రోజులే, చూడాలనుకున్నవి మాత్రం పది. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి జవాబులివి.

మా అబ్బాయి జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. నాలుగు రోజుల సెలవులో నేపుల్స్, పాంపేయి, కాప్రి, అమాల్ఫి, పేస్తుం, వీలైతే సిసిలీ చూసొస్తానంటున్నాడు. వీసా వేరే తీసుకోవాలా? ఇవన్నీ అయ్యే పనేనా?
— ఒక తల్లి, అమలాపురం

వీసా అక్కర్లేదు. జర్మనీ నివాస అనుమతి కార్డు చెల్లుబాటులో ఉంటే, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఇటలీతో సహా మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాలు) తిరగొచ్చు. పాస్‌పోర్టు, ఆ కార్డు రెండూ అసలువే జేబులో ఉండాలి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు. బ్రిటన్‌లోనో ఐర్లాండ్‌లోనో చదివేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఆ రెండూ షెంగెన్‌లో లేవు కాబట్టి వాళ్లు వీసా తీసుకోవాల్సిందే.

ఇక జాబితా సంగతి. సిసిలీ తీసేయమనండి, కాప్రి కూడా. అమాల్ఫి, పేస్తుంలలో ఒకదానితో సరిపెట్టుకుంటే మిగిలినవి హాయిగా చూడొచ్చు. అందుకు బస మాత్రం నేపుల్స్‌లో కాకుండా సలేర్నోలో పెట్టుకోవాలి. నేపుల్స్ నుంచి రైల్లో సుమారు 40 నిమిషాల దూరం. గది అద్దె సాధారణంగా అమాల్ఫి తీరం కంటే బాగా తక్కువ. స్టేషన్ బయటికొచ్చి కాస్త నడిస్తే పడవల రేవు. పాంపేయి, పేస్తుం, నేపుల్స్ మూడూ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి కనుక రోజూ సంచి సర్దుకుని గది మారే బాధ ఉండదు.

వెళ్లిన రోజు సలేర్నో చేరి ఊరు చూడ్డం, చివరి రోజు సామానుతో నేపుల్స్ వచ్చి స్టేషన్‌లో సంచి అప్పగించి మ్యూజియం చూసుకుని విమానం ఎక్కడం. మధ్య రెండు రోజుల్లో ఒకటి పాంపేయికి. దాని టికెట్ తేదీతో, పేరుతో వస్తుంది కాబట్టి ఆ రోజు ముందే ఖాయం చేసుకోవాలి. రెండోది మాత్రం ఖాయం చేయొద్దు. సముద్రం నెమ్మదిగా ఉంటే పడవలో అమాల్ఫి, అలలు లేస్తే రైల్లో పేస్తుం. సలేర్నో నుంచి పేస్తుం అరగంట ప్రయాణం. క్రీ.పూ. 550–450 మధ్య గ్రీకులు కట్టిన మూడు గుళ్లు స్తంభాలతో సహా నిలబడి ఉన్నాయి. స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. అక్కడ ఆగే రైళ్లు కొన్నే. తిరుగు రైలు వేళ ముందే చూసి పెట్టుకోకపోతే మధ్యాహ్నమంతా ప్లాట్‌ఫారం మీదే గడుస్తుంది.

యాప్‌లోనూ బోర్డుల మీదా నేపుల్స్ అని ఉండదు, నాపొలి అని ఉంటుంది. ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర కొట్టించాలి. ఫోన్‌లో కొంటే రైలెక్కేముందు అందులోనే చెక్-ఇన్ నొక్కాలి. డబ్బు కట్టి టికెట్ కొని కూడా జరిమానా పడేది ఈ ఒక్క పని మరిచినవాళ్లకే.

నేను డిగ్రీ చరిత్ర విద్యార్థిని. పాంపేయిలో ఒక్క రోజే ఉంటాను. ఎటు నుంచి వెళ్లాలి, ఏం చూడాలి, ఏం వదిలేయాలి?
— భీమవరం

ముందు స్టేషన్ సంగతి తేల్చుకోండి, ఎక్కువమంది తప్పేది అక్కడే. పాంపేయి పేరుతో మూడు స్టేషన్లున్నాయి. నేపుల్స్ నుంచి సొర్రెంతో వెళ్లే చిర్కుమ్‌వెసువియానా రైలెక్కితే 'పాంపేయి స్కావి – విల్లా దెయ్ మిస్తేరి' దగ్గర దిగాలి. ఎదురుగానే పోర్తా మరీనా గేటు. అదే సంస్థ నడిపే ఇంకో లైనులో 'పాంపేయి సాంతువారియో' ఉంది. అక్కడ దిగితే కొత్త ఊళ్లో తేలతారు. మూడోది నేపుల్స్–సలేర్నో పెద్ద లైనులో ఉన్న 'పాంపేయి'. సలేర్నో నుంచి వచ్చేవాళ్లకు ఇదే దారి. అక్కణ్ణించి పియాజా అంఫితియాత్రో గేటుకు పావుగంట నడక. పొద్దున పూట పోర్తా మరీనా దగ్గరుండే తోపులాట ఇక్కడ ఉండదు.

2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే లోపలికి వదులుతున్నారు. టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టుతో సరిచూస్తారు. 18 ఏళ్లలోపు వాళ్లకు ఏ దేశం వాళ్లయినా ఉచితం. 18–25 మధ్య వాళ్లకిచ్చే రాయితీ మాత్రం యూరోపియన్ యూనియన్ పౌరులకే. మన కాలేజీ కార్డు పట్టుకెళ్లి వాదించి లాభం లేదు. నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితమే, అందుకే ఆ రోజు వెళ్లొద్దు. 30×30×15 సెంటీమీటర్లు దాటిన సంచి లోపలికి రానివ్వరు. గేటు దగ్గర అప్పగించినవాళ్లు మళ్లీ అదే గేటుకు రావాలి. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు దాటాక ఈ సంగతి గుర్తొస్తే ఆ నడకంతా తిరిగి నడవాల్సిందే. చిన్న సంచితో వెళ్లండి.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిదలో పూడిన ఊరు ఇది. 1748లో తవ్వడం మొదలుపెట్టారు, మూడో వంతు ఇంకా మట్టి కిందే ఉంది. మొత్తం సుమారు 66 హెక్టార్లు, అంటే 160 ఎకరాల పైమాటే. నీడ చాలా తక్కువ. జూన్ నుంచి ఆగస్టు వరకు అయితే గేటు తీసే వేళకే అక్కడుండండి. వీధుల్లో తాగునీటి కుళాయిలున్నాయి, ఖాళీ సీసా చాలు. రాళ్లు అరిగి నున్నబడ్డాయి, చెప్పులు పనికిరావు. మడమ పట్టే బూట్లు కావాలి.

అంఫితియాత్రో వైపు నుంచి మొదలుపెట్టి అబ్బొందాంజా వీధి వెంట ఫోరం (ఊరి ప్రధాన కూడలి) దాకా నడవండి. ప్రతి ఇంట్లోకీ దూరకండి. ఎలాగూ కొన్నిటిని వంతులవారీగా మూసి ఉంచుతారు. వీధినే చూడండి. కాలిబాట ఎత్తు, వీధి పల్లం. దాటడానికి అడ్డంగా ఎత్తైన రాళ్లు పెట్టారు. వానాకాలం బురద సందులో మనవాళ్లు ఇటుకలు పేర్చుకుని దాటినట్టే. వాడుక నీళ్లు, వాన నీళ్లు ఆ వీధిలోనే పారేవి. రాళ్ల మధ్య సందులు బండి చక్రాల కోసం. ఆ చక్రాల గాడులు రాతిలో ఇప్పటికీ వేలు దిగేంత లోతున్నాయి.

రొట్టెల కొట్లు దాటిపోకండి. మన తిరగలిలో రెండూ బల్లపరుపు రాళ్లు కదా. అక్కడ కింది రాయి కుచ్చు టోపీలా మొనదేలి ఉంటుంది. దాని మీద నడుము సన్నగా ఉన్న డమరుకం లాంటి బోలు రాయిని బోర్లించారు. గింజలు పైగిన్నెలో పోస్తే రెండు రాళ్ల సందులోంచి పిండై కిందికి జారుతుంది. పైరాయి నడుముకున్న చతురస్రపు కన్నాలు చూడండి. వాటిలో కర్రలు దూర్చి గాడిదను కట్టి తిప్పేవారు. రాయి లావాది, ఒళ్లంతా చిల్లులు. అరిగిన కొద్దీ కొత్త చిల్లుల అంచులు బయటపడి మళ్లీ గరుకు తేలుతుంది. పక్కనే పొయ్యి. ఒక కొట్టు పొయ్యిలో 81 రొట్టెలు బొగ్గై దొరికాయి.

వదిలేయగలిగింది వెసూవియస్ శిఖరం. ఒక రోజులో రెండూ పెట్టుకుంటే రెండూ సగమే అవుతాయి. పాంపేయి మరీ పెద్దదనిపిస్తే అప్పుడే పూడిన చిన్న ఊరు హెర్క్యులేనియం ఎంచుకోండి. రెండు మూడు గంటల్లో అయిపోతుంది. అక్కడ కర్ర తలుపులు, దూలాలు బొగ్గుగా మారి నిలిచి ఉన్నాయి.

చరిత్ర విద్యార్థిని కాబట్టి నేపుల్స్ పురావస్తు మ్యూజియం మానకండి. మంగళవారం సెలవు. పాంపేయిలో 1938లో దొరికిన దంతపు బొమ్మ అక్కడుంది, జానెడు కంటే కాస్త ఎక్కువ. 'పాంపేయి లక్ష్మి' అంటారు గానీ యక్షిణి అనే పండితులే ఎక్కువ. శాతవాహనుల ఏలుబడిలోని భోకర్దన్‌లో ఇలాంటి దంతపు బొమ్మే దొరికింది. పాంపేయి బొమ్మ మ్యూజియంలో 'రహస్య గది' అనే విభాగంలో ఉంటుంది. ఆ గది ఆ రోజు తెరిచి ఉందో లేదో టికెట్ కొనేటప్పుడే అడగండి.

మేం శుద్ధ శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ పిల్ల ఏం తింటుంది?
— పాలకొల్లు

నిశ్చింతగా తినగలిగింది పిజ్జా మరినారా. టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, ఆలివ్ నూనె, అంతే. చీజ్ ఉండదు. చేప ముక్కలు వేసే కొట్లూ ఉన్నాయి కాబట్టి 'సెంజా అచ్చుగే' అని చెప్పమనండి. ఎండు పాస్తా సాధారణంగా గోధుమరవ్వతోనే చేస్తారు. అప్పటికప్పుడు చేసే తాజా పాస్తాలో తరచు గుడ్డు పడుతుంది. అందుకని 'సెంజా ఉవోవా' అన్న మాట కూడా నేర్చుకోవాలి.

చీజ్ దగ్గర ఆలోచించాలి. పేస్తుం చుట్టూ గేదెల పాడి, మన వైపులాగే. ఆ పాలతోనే పేరున్న మొజారెల్లా చేస్తారు. కానీ పాలు విరగడానికి వేసేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్. పార్మిజానో చీజ్‌లోనూ అంతే. పట్టింపు ఉన్నవాళ్లు రెండూ మానాలి. మిరియాల 'తరాల్లి' చూడ్డానికి మన చేగోడీలా ఉంటుంది, నేపుల్స్ పద్ధతిలో అందులో పడేది పంది కొవ్వు. చిక్కుడుగింజల పాస్తాలోనూ మాంసం ముక్క ఉడికించడం మామూలే. అడగకుండా తినొద్దు.

బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి కొంత కనబడుతుంది. అది కూర్చున్నందుకు వేసేది, మోసం కాదు.

అమాల్ఫికి బస్సు మంచిదా, పడవ మంచిదా? నాకు ఘాట్ రోడ్డంటే వాంతులు.
— నరసాపురం

మీకు పడవే. సలేర్నో నుంచి అమాల్ఫికి సుమారు 35 నిమిషాలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే నడుస్తాయి. సలేర్నోలో పడవలెక్కే చోట్లు రెండు, స్టేషన్ దగ్గరున్నది పియాజా దెల్లా కొంకోర్దియా. టికెట్ మీద ఏ పేరుందో చూడకుండా నడవొద్దు. సఖినేటిపల్లి పంటులా ఒకటి తప్పితే ఇంకొకటి అనుకోవడానికి లేదు, ఇది సముద్రం. అలలుంటే ఆ పూటకు రద్దు చేస్తారు. సాయంత్రం చివరి పడవ వేళ దిగగానే రాసుకోండి.

పడవ లేకపోతే సీతా (SITA) అనే సంస్థ బస్సు. టికెట్ ముందే 'తబాక్కి' (పొగాకు) కొట్లో కొనాలి. సలేర్నోలో బయల్దేరే చోటే ఎక్కితే సీటు దొరుకుతుంది, మధ్యలో నిండిన బస్సు ఆపరు. వాంతుల మాత్ర మలుపులు మొదలవడానికి అరగంట ముందు వేసుకోండి. సముద్రం ఎడమ పక్క ఉంటుంది, మీరు ముందు వరసలో కూర్చుని రోడ్డునే చూడండి.

ఇసుక తీరం ఊహించుకోకండి. ఎక్కువ చోట్ల గులకరాళ్లే. కుర్చీలు వేసిన తీరానికి డబ్బు కట్టాలి, 'స్పియాజా లీబెరా' అని ఉంటే ఉచితం.

మా ఊళ్లో సముద్రం ఇళ్లను మింగుతోంది. ఇటలీలో సముద్రపు పురుగులు తిన్న రాతి స్తంభాలున్నాయని, అవి నీళ్లలోంచి పైకి వచ్చాయని మాస్టారు చెప్పారు. నిజమేనా? నేపుల్స్ వెళ్లినప్పుడు చూడొచ్చా?
— ఉప్పాడ

నిజమే. ఆ చోటు పొజ్జువోలి, నేపుల్స్ మెట్రో 2వ లైనులో వెళ్లొచ్చు. స్టేషన్ నుంచి రేవు వైపు దిగుతూ నడవాలి. రోమన్ల నాటి అంగడి అది. 1750లో సెరాపిస్ దేవుడి విగ్రహం దొరకడంతో గుడి అనుకున్నారు, ఇప్పటికీ 'సెరాపిస్ గుడి' అనే అంటారు. చుట్టూ ఉన్న కటకటాల బయట నుంచే, పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు.

మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్యభాగాన పట్టీలా చుట్టూ చిల్లులు. సున్నపురాయిని తొలుచుకుని బతికే ఒక రకం ఆల్చిప్ప చేసినవి. అది సముద్రపు నీళ్లలో తప్ప బతకదు. కాబట్టి కట్టిన తర్వాత నేల కుంగి స్తంభాలు నీట మునిగాయి, ఆ తర్వాత నేల మళ్లీ లేచింది. అగ్నిపర్వతపు గుంట మీద ఉన్న ఊరది. కింద శిలాద్రవం, వేడి నీళ్లు, వాయువుల ఒత్తిడిని బట్టి నేల లేస్తుంది, దిగుతుంది. 1982–84 మధ్య సుమారు 1.8 మీటర్లు లేచింది. 2005 నుంచి మళ్లీ లేస్తోంది, చిన్న భూకంపాలు తరచు వస్తున్నాయి.

మన తీరం కథ వేరు. గోదావరి డెల్టాలో నేల ఒండ్రు. అది తన బరువుకు తానే అణుగుతుంది. పైనుంచి రావాల్సిన కొత్త ఒండ్రు చాలావరకు ఆనకట్టల వెనకే ఆగిపోతోంది, కోసుకుపోయిన చోటు పూడటం లేదు. పొజ్జువోలిలోలాగ తనంతట తాను తిరిగి లేచే నేల కాదిది.

స్తంభం అడుగుభాగం నున్నగా ఉంటుంది, అప్పట్లో అది పూడికలో ఉండి ఆల్చిప్పకు అందలేదు. పైభాగమూ నున్నన, అక్కడిదాకా నీళ్లు రాలేదు. మధ్యది ఒక్కటే గరుకు. ఎండ నెత్తి మీదుంటే ఈ తేడా సరిగా తెలియదు. పక్కవాటు వెలుతురు పడే సాయంత్రం పూట వెళ్లి, ఫోన్ కెమెరాను దగ్గరికి లాగి చూడండి. ఒక్కో చిల్లూ విడిగా కనబడుతుంది.