దోబూచులాటతో మొదలుపెట్టు

తణుకు దగ్గర మన ఊరు,
14 మార్చి 2022

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. పక్కనుంచి చిన్నోడి అరుపులు. నీ మాటలు సగం వినపడనేలేదు. "పెద్దమ్మా, వీడు మొండిగా తయారయ్యాడు, నా వల్ల కావట్లేదు" అన్నది మాత్రం బాగా వినపడింది. తెల్లవార్లూ అదే ఆలోచన. ఫోన్లో అయితే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు, అందుకని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

వాడు మొండివాడు కాదమ్మా, భయపడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లు అంగన్‌వాడీలో మూడేళ్ల పిల్లల మధ్యే గడిపాను. కింద పడి దొర్లడం, కొట్టడం, పళ్లెం తోసెయ్యడం, అమ్మ చున్నీ పట్టుకుని వదలకపోవడం మొండితనంలోనూ ఉంటాయి, భయంలోనూ ఉంటాయి. మొండికేసిన పిల్లాడు అడిగింది ఇస్తే ఊరుకుంటాడు. భయపడ్డవాడు ఇచ్చినా ఊరుకోడు. ఫోన్ చేతిలో పెట్టినా ఏడుపు ఆపలేదని నువ్వే చెప్పావు కదా.

ఒకసారి లెక్క వేసి చూడు. వాడు పుట్టింది 2018 జులైలో. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి వాడికి ఏడాదీ ఎనిమిది నెలలు. నడక గట్టిపడి గుమ్మం దాటి పరుగెత్తే వయసు, రోజుకో కొత్త మాట పట్టుకొచ్చే వయసు. సరిగ్గా అప్పుడు తలుపులు మూసుకున్నాం. ఇవాళ్టికి వాడి వయసులో సగానికి పైగా అలాగే గడిచింది. పెళ్లి పందిట్లో చేతులు మారలేదు, తిరునాళ్లలో భుజం ఎక్కలేదు, పక్కింటి పిల్లలతో జుట్టూ జుట్టూ పట్టుకోలేదు. మనం మళ్లీ మామూలు రోజులు వచ్చాయంటున్నాం. ఆ మామూలు రోజులేమిటో వాడికి ఇంకా తెలియదు.

మా సెంటర్ మూతపడ్డాక గుడ్లు, పాలు, బియ్యం ఇంటింటికీ తిరిగి ఇచ్చాం. అంతకుముందు నన్ను చూస్తే వీధి చివరినుంచి పరుగెత్తుకొచ్చే పిల్లలే, నాలుగైదు నెలలయ్యేసరికి తలుపు చాటున నిలబడేవాళ్లు. ఒక పిల్ల, మూడేళ్లు ఉంటాయేమో, తలుపు సందులోంచి రెండు అరచేతులూ పైకి తిప్పి చాపింది. గుడ్డు కోసమనుకుని చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. అలాగే చాపుకుని నా సంచీ వంక చూస్తూ ఉండిపోయింది. వాళ్లమ్మ వచ్చి శానిటైజర్ చుక్క వేశాక రెండు చేతులూ రుద్దుకుని, అప్పుడు తీసుకుంది. మనిషి దగ్గరికి వెళ్లే ముందు చెయ్యాల్సిన పని అదీ అని ఆ పిల్ల నేర్చుకుంది. మూడేళ్ల పిల్ల తప్పేముంది అందులో?

నీ పెంపకంలోనే ఏదో లోపం ఉందని మనసులో పెట్టుకోకు. స్పెయిన్‌లో పిల్లలు ఆరు వారాలు అసలు గుమ్మం దాటలేదట. 2020 ఏప్రిల్ 26న ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు తోడుంటే రోజుకు గంటసేపు, ఇంటికి కిలోమీటరు లోపల తిరగనిచ్చారు. అక్కడా, ఇటలీలోనూ కలిపి 1,143 మంది తల్లిదండ్రులను అడిగితే నూటికి 85 మందికి పైగా పిల్లల్లో మార్పు కనిపించిందన్నారు. ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, విసుగు, చిరాకు, ఒంటరితనం. నువ్వు చెప్పినవే.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ఆ మార్చిలో మా మనవడు నాలుగు రోజులుందామని వచ్చి జూన్ దాకా ఇక్కడే ఇరుక్కుపోయాడు. వాళ్లమ్మానాన్నా బెంగళూరులో. వాడికి అప్పుడు ఐదేళ్లు. వీధిలోకి పరుగెత్తకుండా ఉండాలని "బయట కరోనా ఉంది, పోలీసులు పట్టుకుపోతారు" అని రోజూ భయపెట్టాను. చిన్నప్పుడు మనల్ని బూచోడని భయపెట్టినట్టే కదా అనుకున్నాను. పది రోజులకు పక్క తడపడం మొదలుపెట్టాడు. ఎప్పుడో మానేసిన అలవాటు. పక్కింటావిడ ముందే కోప్పడ్డాను. ఆ రాత్రి చీకట్లో మెల్లగా అడిగాడు, "అమ్మమ్మా, అమ్మని కరోనా పట్టుకుపోయిందా?" అని. నా గుండె ఆగినంత పనైంది. మర్నాడు కూర్చోబెట్టి చెప్పాను. అమ్మ బెంగళూరులో మన ఇంట్లోనే ఉంది, బస్సులు తిరగడం లేదు, తిరిగిన రోజున వస్తుంది అని. అమ్మతో రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకు మాట్లాడించాను. పక్క తడపడం వారం పది రోజుల్లో తగ్గింది. పూర్తిగా ఆగింది మాత్రం వాళ్లమ్మ వచ్చాకే.

మన చిన్నోడు కూడా అలాంటి ప్రశ్నే అడుగుతున్నాడని నాకు గట్టిగా అనిపిస్తోంది. మాటల్లో అడగలేక ఏడుపుతో అడుగుతున్నాడు.

దసరాకి మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాను. పొద్దున లేవగానే చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్లి వాళ్ల తాతయ్య తోలు చెప్పులు తెచ్చి గుమ్మం పక్కన పెడతాడు. ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు. లిఫ్టు చప్పుడైతే చాలు, చేతిలో ఏమున్నా వదిలేసి తలుపు దగ్గరికి పోతాడు. మీ మామయ్యగారిని అంబులెన్సు ఎక్కించిన రోజున తెల్ల కిట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు ఆయన్ని పట్టుకెళ్లడం వాడు బాల్కనీలోంచి చూశాడని నువ్వే అన్నావు. ఆ తర్వాత ఆయన ఇంటికి రానేలేదు. చివరిచూపు మీకే దక్కలేదు, ఇక వాడికెక్కడ? మీరు ఆ దుఃఖంలో "తాతయ్య ఊరెళ్లాడు" అన్నారు. ఎవరైనా అదే అంటారు. కానీ వాడికి అర్థమైంది ఏమిటి? వెళ్లినవాళ్లు తిరిగి రారని. రెండేళ్లు కళ్లెదుటే ఉన్న అమ్మ ఫిబ్రవరి నుంచి వారానికి మూడు రోజులు బ్యాగు తగిలించుకుని ఆఫీసుకు వెళ్తుంటే వాడు ఎలా ఊరుకుంటాడు?

అందుకని మొదట తాతయ్య సంగతి చెప్పు. నిద్రపోయాడని చెప్పకు, పడుకోవడానికి భయపడతాడు. దేవుడు తీసుకెళ్లాడనీ, చుక్క అయిపోయాడనీ చెప్తే ఆకాశం వంక చూస్తూ ఎదురుచూస్తాడు. "తాతయ్యకు బాగా జబ్బు చేసింది. డాక్టర్లు చాలా ప్రయత్నించారు. ఆయన శరీరం పనిచేయడం ఆగిపోయింది. చనిపోయారు. ఇక రారు. నువ్వంటే ఆయనకు చాలా ఇష్టం" అని చెప్పు. అంతే, పొడిగించకు. "అమ్మ ఆఫీసుకు వెళ్లి వస్తుంది, అది వేరు" అని కలపడం మాత్రం మరిచిపోకు. మళ్లీ అడుగుతాడు. యాభైసార్లు అడుగుతాడు. యాభైసార్లూ అవే మాటలు చెప్పు. చెప్తూ నీకు ఏడుపొస్తే ఏడువు, దాచుకోకు. అల్లుడుగారు తండ్రి గురించి ఇంట్లో ఒక్క మాటా ఎత్తడం లేదన్నావు. ఆయనా వాడి పక్కన కూర్చుంటే ఇద్దరికీ మంచిది.

ఆ తర్వాత వెళ్లడం, రావడం అలవాటు చెయ్యి. దోబూచులాటతో మొదలుపెట్టు. పసిపిల్లల ఆట అనుకోకు. మొహం కనపడకుండా పోయింది, మళ్లీ వచ్చింది. వాడికి కావలసిన పాఠం అదే. మొదట చేతుల చాటున, తర్వాత కర్టెన్ చాటున, తర్వాత పక్క గదిలోకి వెళ్లి అక్కడినుంచి పిలుస్తూ. నాలుగైదు రోజులయ్యాక చెప్పి మరీ కింద కొట్టుకు వెళ్లి పాల ప్యాకెట్ తీసుకుని రా. ఐదు గంటలకు వస్తానంటే వాడికి తెలియదు. "నువ్వు పెరుగన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి వస్తాను" అను. అన్నావంటే వచ్చి తీరాలి. ఆలస్యమైతే ఫోన్ చేసి వాడికే చెప్పు. వాడు టీవీ చూస్తుండగా చప్పుడు కాకుండా జారుకుంటున్నానన్నావే, అది ఇవాళ్టినుంచే మానెయ్. ఆ పూట ఏడుపు తప్పుతుంది, నిజమే. కానీ ఏ క్షణాన అమ్మ మాయమవుతుందోనని వాడు ఇక నిన్ను వదలడు. చెప్పి వెళ్తే ఏడుస్తాడు. ఏడవనీ. వెళ్లినట్టే సాయంత్రం వచ్చావని కూడా చూస్తాడు.

కోపం వచ్చి వస్తువులు విసురుతుంటే పాఠాలు చెప్పకు, ఆ సమయంలో చెవికెక్కదు. వాడి ఎత్తుకు కిందికి కూర్చుని "కోపం వచ్చింది కదూ, అమ్మ ఇక్కడే ఉంది" అని ఊరుకో. కొట్టబోతే చెయ్యి పట్టుకో, తిరిగి కొట్టకు. పక్క తడిపితే మాట్లాడకుండా దుప్పటి మార్చు.

ఇక మనుషులు. ఒక్కసారిగా పార్కులో పదిమంది పిల్లల మధ్య వదలకు. ముందు ఒక్కరు చాలు. మీ కింది అంతస్తులో ఆడపిల్ల ఉందన్నావు కదా, వారానికి రెండుసార్లు గంటసేపు పిలువు. ఒకే రకం బొమ్మలు రెండు పెట్టు, లేకపోతే బకెట్లో నీళ్లు, రెండు గ్లాసులు చాలు. కాస్త కుదిరాక కాళ్లు చాపి కూర్చోబెట్టి కాళ్లాగజ్జె కంకాళమ్మ ఆడించు. తన మోకాలి మీదికి చెయ్యి వచ్చేదాకా ఆగాలి కదా, ఆగడం అలా వస్తుంది. కొత్తవాళ్లు వస్తే "అంకుల్‌కి నమస్తే చెప్పు" అని ముందుకు తొయ్యకు. నీ వెనక నిలబడి చూడనీ.

ఫోన్ గురించి నిన్ను తిట్టను. ఇద్దరూ మీటింగుల్లో ఉంటే వాడిని ఎవరు చూస్తారు? పైగా ఆ ఆన్‌లైన్ బడివాళ్లే మూడేళ్ల పిల్లాడిని ఫోన్ ముందు కూర్చోబెట్టి ఏబీసీడీలు చెప్పారు. ఆ పని నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఈ వయసు పిల్లలకు రోజుకు గంట కూడా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఒక్కరోజులో లాక్కోకు. ముందు అన్నం వేళ ఫోన్ తీసెయ్. వాడు రెండు ముద్దలే తిన్నా కంగారుపడకు. నాలుగో రోజుకి ఆకలి వాడిని కూర్చోబెడుతుంది. తర్వాత పడుకునే ముందు తీసెయ్. ఆ రెండు పూటలూ కథ చెప్పు.

ఒక్క విషయంలో మాత్రం లాక్‌డౌన్ మీద నెట్టి ఊరుకోకు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వచ్చిన మాటలు పోయినా, కళ్లలోకి చూడకపోయినా, ఈ వయసులో వాడు మాట్లాడింది బయటివాళ్లకు అర్థం కాకపోయినా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మొన్న నాతో "అమ్మమ్మా, కోడి ఏదీ" అన్నాడు కాబట్టి నాకు పెద్ద దిగులు లేదు. అయినా మాటలు ఆలస్యమయ్యాయి, చెవి పరీక్ష ఒకటి చేయించు. కరోనా వల్లేలే, అదే సర్దుకుంటుందని ఏడాది ఆగి, తర్వాత పిల్లకు చెవుడని తెలుసుకున్న తల్లి ఒకామె మా ఊళ్లోనే ఉంది.

నువ్వు కూడా కాస్త నిద్రపో తల్లీ. పిల్లలు ఇంట్లో టెన్షన్‌ని మాటలకన్నా ముందు మన మొహంలో చదువుతారు. మీ అమ్మను ఓ నెల రోజులు పంపమంటావా? తను సిద్ధంగానే ఉంది, నువ్వు ఏమనుకుంటావోనని అడగలేదు.

జూన్‌లో బడిలో వెయ్యాలని తొందరపడుతున్నావు. ఏబీసీడీలు ఎక్కడికీ పోవు. అప్పటికి నువ్వు గేటు దగ్గర చెప్పి వెళ్తే, ఏడ్చినా సరే, టీచరు చెయ్యి పట్టుకోగలిగితే చాలు.

ఏప్రిల్ 2న ఉగాదికి వస్తామన్నారు కదా, రండి. వాడి దుప్పటి తీసుకురా, కొత్తచోట అదే వాడికి ధైర్యం. ఆ చెప్పుల జోలికి వెళ్లకండి, ఉన్నచోట ఉండనివ్వండి, వాడంతట వాడే ఒకరోజు మానేస్తాడు. ఆ పూట ఇంటికి ఎవరినీ రావద్దని ఇక్కడ అందరికీ చెప్పాను. మీ కారు ఆగగానే నేనూ ఎదురొచ్చి వాడిని ఎత్తుకోను. మాస్కు లేకుండా అరుగు మీద కూర్చుని ఉంటాను. కోడి పెరట్లో ఉంటుంది. వాడు ఎంతసేపు నీ వెనక నిలబడితే అంతసేపు నిలబడనివ్వు.

మీ
పెద్దమ్మ