కంకర దారిలో నాలుగు రోజుల సైకిల్ ప్రయాణం: తిమ్మిరెక్కే వేళ్లకు నొప్పి మాత్ర జవాబు కాదు

ప్రశ్న: నా వయసు 47 ఏళ్లు. మూడేళ్లుగా బీపీకి రోజూ టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. బీపీ అదుపులోనే ఉంది, షుగర్ లేదు. ఆకురాలే కాలంలో కొండల మధ్య కంకర దారుల్లో రోజుకు సుమారు 80 కిలోమీటర్ల చొప్పున నాలుగు రోజులు సాగే గ్రావెల్ సైక్లింగ్ ఛాలెంజ్‌కు పేరు ఇచ్చాను. ఇంకా ఏడు వారాల గడువుంది. మూడు గంటలకు మించి తొక్కిన రోజున రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి, ఒక్కోసారి మర్నాటి ఉదయం దాకా తగ్గడం లేదు. రోజూ బయల్దేరే ముందు ఒక ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఏ నొప్పీ ఉండదని తోటివారు అంటున్నారు. వేసుకోవచ్చా? సీటు మీద ఎక్కువసేపు కూర్చున్నాక మర్మాంగాల దగ్గర కూడా కాసేపు స్పర్శ తెలియడం లేదు. దీనికి భయపడాలా?

డాక్టర్ సలహా: ముందుగా మాత్ర సంగతి. ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు. మీరు టెల్మిసార్టాన్ వాడుతున్నారు కాబట్టి ఈ మాట మరింత గట్టిగా చెబుతున్నాను. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే ప్రతి జల్లెడకూ రక్తాన్ని తెచ్చే సన్నని నాళం ఒకటి, తీసుకెళ్లే నాళం ఒకటి ఉంటాయి. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు, రక్తాన్ని తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుతాయి, యాంజియోటెన్సిన్ అనే హార్మోను, రక్తాన్ని తీసుకెళ్లే నాళాన్ని బిగించి వడపోతకు కావలసిన ఒత్తిడిని నిలబెడుతుంది. ఐబుప్రొఫెన్ మొదటి ఏర్పాటును, టెల్మిసార్టాన్ రెండో ఏర్పాటును అడ్డుకుంటాయి. విడిగా చూస్తే టెల్మిసార్టాన్ మంచి మందే, కానీ గంటల తరబడి కొండలెక్కి అలసిన శరీరంలో, నీరు తగ్గిన వేళ ఈ రెండూ కలిస్తే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. నాలుగు రోజులు వరుసగా ఇదే జరిగితే మధ్యలో కోలుకునే వ్యవధి కూడా వాటికి దొరకదు. డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ కూడా ఇదే కోవకు చెందినవి, పైగా ఇవన్నీ బీపీని పెంచగలవు. కాలేయ సమస్య, మద్యం అలవాటు లేకపోతే ఆ రోజు ప్రయాణం ముగిశాక, తప్పనిసరి అనిపించినప్పుడు మాత్రమే పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు వేసుకోవచ్చు. నొప్పి రాకముందే మాత్ర వేసుకునే అలవాటును, అది ఏ మాత్రైనా సరే, నేను సమర్థించను. మరుసటి రోజు ఎంత తొక్కవచ్చో తెలియజేసేది ఆ నొప్పే.

అలాగని బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపకండి. దీర్ఘ శ్రమ తర్వాత బీపీ సహజంగానే కొంత తగ్గుతుంది కనుక పెద్ద ఎక్కుడు ముగిశాక చటుక్కున సైకిల్ దిగి నిలబడకుండా, రెండు నిమిషాలు తేలికగా తొక్కి దిగండి. దారిలో వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు నిలవని పరిస్థితి వస్తే మాత్రం మాత్రను తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు, ఆ విషయం మీ వైద్యునితో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి. అప్పుడే క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం రక్తపరీక్షలు, ఈసీజీ కూడా చేయించుకోండి. ఎక్కుడులో ఛాతీ బిగిసినట్లు, శ్రమకు మించి ఆయాసం వచ్చినట్లు ఎన్నడైనా అనిపించి ఉంటే, ఆ సంగతి తేలేదాకా కఠిన సాధన ఆపండి.

ఇక వేళ్ల విషయం. చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరపు వేలిలో సగం అల్నార్ నరం పరిధిలోనివి. ఈ నరం మణికట్టు దగ్గర, అరచేతి చిటికెన వేలి వైపు అంచున ఒక ఇరుకైన సొరంగం గుండా వెళుతుంది, హ్యాండిల్ బార్ మీద మీరు బరువు మోపే చోటు సరిగ్గా అదే. తారు రోడ్డు మీద ఆ ఒత్తిడి ఒక్కటే ఉంటుంది, కంకర దారిలో ప్రతి రాయీ ఇచ్చే అదురు దానికి తోడవుతుంది. అందువల్ల చికిత్స చేతితో కాక టైరుతో మొదలుపెట్టమంటాను. ఫ్రేమ్‌లో పట్టినంత వెడల్పు టైరు, వీలైతే 40 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ, తగినంత తక్కువ గాలితో వాడితే అదురులో చాలా భాగం చేతిదాకా రాదు. హ్యాండిల్ బార్ సీటు కన్నా మరీ కిందికి ఉంటే శరీరం బరువు చేతుల మీదికి జారుతుంది, దాన్ని కొద్దిగా పైకి, దగ్గరికి జరిపించండి. మణికట్టు వెనక్కి విరిగినట్లు కాకుండా ముంజేతితో ఒకే వరుసలో ఉండాలి, మోచేతులు కాస్త వంగి ఉండాలి, పట్టును పది నిమిషాలకొకసారైనా మార్చాలి. మెత్త ఉన్న చేతి తొడుగులు మేలే, కానీ మెత్త మరీ మందమైతే పట్టు కోసం ఇంకా గట్టిగా బిగిస్తారు, అప్పుడు అది ఎదురు తిరుగుతుంది.

రెండు చేతుల్లోనూ, అదీ మర్నాటి దాకా తిమ్మిరి ఉంటున్నదన్నారు కాబట్టి విటమిన్ బి12, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు ఒకసారి చేయించండి. సైకిల్ దాన్ని కేవలం బయటపెట్టి ఉండవచ్చు, లోపల అసలు సమస్య వేరేది కావచ్చు.

మీరు చివరలో సందేహిస్తూ అడిగిన ప్రశ్నకు వస్తాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి రోగి అడిగే ప్రశ్నే చాలాసార్లు అసలు ప్రశ్న అని మా వృత్తిలో అందరికీ అనుభవమే. సీటు ముక్కు భాగం మర్మాంగాల కింద ఉండే ప్యుడెండల్ నరాన్నీ అక్కడి రక్తనాళాలనూ నొక్కడం వల్ల ఇది వస్తుంది. దిగిన కొద్ది నిమిషాల్లో స్పర్శ తిరిగి వస్తున్నంత వరకు భయం లేదు, కానీ అలవాటైపోతుందిలే అని వదిలేయకూడదు. కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోయి, మధ్యలో గాడి ఉన్న సీటు తీసుకోండి. ముక్కు పైకి లేచి ఉంటే దాన్ని సమతలానికి తెచ్చుకోండి. పది, పదిహేను నిమిషాలకొకసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. స్పర్శ గంటల తరబడి రాకపోయినా, అంగస్తంభనలో తేడా కనిపించినా సంకోచించకుండా యూరాలజిస్టును కలవండి.

ఆకురాలే కాలపు కొండల్లో చలి పని తీరు వేరు. ఎక్కేటప్పుడు తడిసిన లోపలి బనియను దిగేటప్పుడు గాలికి ఒంటిని చల్లబరుస్తుంది, అందుకే శిఖరం మీదే పొడి బనియను, గాలి ఆపే జాకెట్, పూర్తి వేళ్ల తొడుగులు వేసుకోండి. తిమ్మిరెక్కిన వేళ్లు చలికి కొయ్యబారితే, తడి ఆకులు పరుచుకున్న దిగుడులో బ్రేకు ఎంత పట్టామో తెలియదు, నాకు మీ విషయంలో అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే. చలిలో దాహం అంతగా తెలియదు కాబట్టి మరిచిపోకుండా తాగండి, అయితే దాహానికి మించి కడుపు నింపుకోవద్దు. ప్రయాణం ముగిశాక బరువు ఉదయం కన్నా పెరిగి ఉంటే అతిగా తాగినట్లే, దానివల్ల రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక రావచ్చు. టెల్మిసార్టాన్ పొటాషియంను పట్టి ఉంచుతుంది, కనుక ఎవరో ఇచ్చిన పొటాషియం మాత్రలు వేసుకోకండి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం మొదటి గంట నుంచే తీసుకోండి. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారి కండరాలు విపరీతంగా నొస్తే, లేదా ఛాతీ నొప్పి, స్పృహ తప్పినట్లు ఉండడం కనిపిస్తే అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ ఏడు వారాల్లో సైకిల్‌ను సరిచేయించాక, వరుసగా రెండు రోజులు నాలుగేసి గంటలు కంకర దారిలో తొక్కి చూడండి, చివరి వారం మాత్రం సాధన బాగా తగ్గించండి. రెండో రోజు సాయంత్రం తిమ్మిరి గంటలోపు పోతే నిశ్చింతగా వెళ్లండి. చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఒక కాగితం పెట్టి వేళ్లు చాచి బిగించండి, ఎవరినైనా లాగమనండి, అది సులువుగా జారిపోతుంటే కండరానికి వెళ్లే నరం కూడా దెబ్బతింటున్నట్లు అనుమానించాలి. అలా అయితే సాధన ఆపి, న్యూరాలజిస్టు దగ్గర నరాల ప్రసరణ పరీక్ష చేయించుకోండి, ఫలితం వచ్చేదాకా ఛాలెంజ్ సంగతి పక్కన పెట్టండి.