పసుపు బఠాణీ దిగుమతి అయితే కర్నూలు పప్పుశనగ ధర ఎందుకు పడిపోతుంది?

మిల్లులకు శనగల బదులు చౌకైన పసుపు బఠాణీ దొరుకుతుంది కాబట్టే కర్నూలు, అనంతపురం, కడప నల్లరేగడి రైతుల పప్పుశనగకు ధర తగ్గుతుంది. కెనడా, రష్యాల నుంచి వచ్చే ఈ బఠాణీపై కేంద్రం 2023 డిసెంబరులో సుంకం ఎత్తేసింది. 2025 నవంబరు నుంచి మళ్లీ 30 శాతం వేసింది. బఠాణీని పట్టించి శనగపిండిలో కలిపితే, బజ్జీ నూనెలో వేగి ప్లేట్లోకి వచ్చాక తేడా కనిపెట్టేవాళ్లు తక్కువ. అందుకే వ్యాపారి కళ్లం దగ్గర శనగలకు రేటు కట్టేటప్పుడు ఓడరేవులో బఠాణీ ఎంత పలుకుతోందో కూడా చూసుకుంటాడు.

మద్దతు ధర ఉంది కదా, ఇక టెన్షన్ ఎందుకు అని చాలామంది అనుకుంటారు. 2025-26 రబీ మార్కెటింగ్ సీజనుకు శనగలకు క్వింటాలు 5,650 రూపాయలని ప్రకటించిన మాట నిజమే. కానీ ఆ ధరకే కొనాలని ప్రైవేటు వ్యాపారిపై బలవంతమేమీ లేదు. ప్రభుత్వం కొనేది పంటలో కొంత భాగమే.

చౌక దిగుమతి వల్ల పట్నంలో కొనుక్కుతినేవాళ్లకు ఊరటే, కాదనలేం. అయితే గిట్టుబాటు కాక రైతులు శనగ మానేస్తే పప్పుల కోసం బయటి దేశాల మీద ఇంకా ఎక్కువ ఆధారపడాలి. అక్కడ పంట దెబ్బతిన్న ఏడాది, ఎంత చెబితే అంతకు కొనాల్సిందే.