కరియ కాలికి స్టెమ్ సెల్ సూది వేయించాలా?

ఈసారి జాబుల్లో సగానికి పైగా కుక్కల కాళ్ల గురించే ఉన్నాయి. అందులోనూ ఇళ్లలో సోఫా మీద పడుకునేవి కాదు, మంద కాసేవి, డ్యూటీ చేసి రిటైరైనవి. అందుకే గేదెల జాబులు పక్కన పెట్టి వీటినే తీసుకున్నా.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. మా నాయన నూట ఇరవై జీవాలు మేపుతాడు. మందకు కాపలా ఉండే మా కుక్క కరియకు ఇప్పుడు ఆరేళ్లు. మూడు నెలలుగా ఎడమ వెనక కాలు ఎత్తెత్తి వేస్తోంది, పొద్దున లేచినప్పుడు ఎక్కువగా ఉంటుంది, కొంచెం దూరం నడిచాక తగ్గుతుంది. నేను బెంగళూరులో పని చేస్తున్నా. ఇక్కడ ఒక క్లినిక్‌లో అడిగితే, దాని కొవ్వులోంచే స్టెమ్ సెల్స్ అనే మూలకణాలు తీసి కీలులోకి ఎక్కిస్తే కొత్త కీలు వచ్చినట్టే అన్నారు. ప్లేట్‌లెట్ ఇంజెక్షన్ అని ఇంకొకటి కూడా చెప్పారు. నాయనేమో "కుక్కకు అంత దుడ్డా" అంటున్నాడు. చిరుతలు తిరిగే గుట్టలు మావి, కరియ లేకపోతే ఆయనకు రాత్రి నిద్ర పట్టదు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, నీ జాబులో స్టెమ్ సెల్ గురించి అంత రాశావు, కాలు గురించి ఒక్క వాక్యం. నొప్పి తుంటిలోనా, మోకాలిలోనా, చీలమండలోనా? కుక్క కళ్యాణదుర్గంలో ఉంది, మాట బెంగళూరులో అయింది. ఏ కీలో తేలకుండా సూది ఎక్కడ వేస్తారు?

ముందు పాదం చూడు. నవ్వుకోవద్దు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాపరి ఇలాగే కుంటే కుక్కను తెచ్చాడు. తుంటి నొక్కి, మోకాలు తిప్పి, అప్పుడే చదివొచ్చిన ఊపులో ఒక పెద్ద పేరున్న జబ్బు చెప్పేశా. మా అటెండరు ఏమీ మాట్లాడకుండా దాని కాలు వెనక్కి మడిచి, బ్యాటరీ లైటు వేసి చూసి, రెండు మెత్తల మధ్య కనబడిన నల్ల చుక్కను పట్టకారుతో పట్టి లాగాడు. అరంగుళం జాలి ముల్లు బయటికొచ్చింది, దాని వెనకే చీము. కాపరి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మన అనంతపురం బీళ్లలో సీమజాలి ముల్లు గుచ్చుకోని కుక్క ఉండదు కాబట్టి వేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు, మెత్తలు వేలితో ఒక్కొక్కటే నొక్కి చూడమని నాయనకు చెప్పు.

అక్కడేమీ లేకపోతే కరియను కూర్చోమను. బాగున్న కుక్క రెండు వెనక కాళ్లూ సమానంగా ముడుచుకుని కూర్చుంటుంది. మోకాలిలో లిగమెంటు దెబ్బతిన్న కుక్క ఆ కాలిని పూర్తిగా మడవలేక పక్కకు చాపి, ఒరిగి కూర్చుంటుంది. తర్వాత రెండు తొడలనూ రెండు చేతులతో ఒకేసారి పట్టుకుని చూడండి. మూడు నెలలు కాలు సరిగా మోపకపోతే ఆ వైపు కండ కరిగి, చేతికి తేడా తెలిసిపోతుంది. కావాలంటే దారంతో కొలిచి ముడి వేసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇంకో పని, గట్టి నేల మీద కరియను నింపాదిగా నడిపిస్తూ వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి వీడియో తీయించు. పొద్దున లేవగానే ఒకసారి, మేత నుంచి వచ్చాక ఒకసారి. ఆస్పత్రి వాసన తగలగానే చాలా కుక్కలు భయంతో కుంటు మర్చిపోతాయి, డాక్టరుకు ఆ వీడియోనే ఆధారం.

ఇక పిడుదులు. మన వైపు కుక్క కుంటుతోందంటే నేను అడిగే రెండో ప్రశ్న ఇది. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో, డాక్టర్లు ఎర్లీకియా అంటారే అది, కీళ్లు వాచి కుక్క కుంటుతుంది, ఒకరోజు ఈ కాలు, ఇంకోరోజు ఆ కాలు. మేత తగ్గుతుంది, నీరసపడుతుంది. దానికి మందు డాక్సీసైక్లిన్ మాత్రలు, డాక్టరు చెప్పినన్ని రోజులు వేస్తే చాలా కుక్కలు తేరుకుంటాయి. ఇందులో తమాషా ఏమిటంటే ఈ జబ్బు రక్తంలో ప్లేట్‌లెట్లనే తగ్గించేస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్క రక్తం తీసి దాంట్లోంచి ప్లేట్‌లెట్ ఇంజెక్షన్ తయారు చేయడమంటే ఎండిన బావిలో మోటరు వేసినట్టే. అందుకని రక్తపరీక్ష చేయించకుండా ఆ ఇంజెక్షన్ మాట ఎవరైనా ఎత్తితే లేచి వచ్చేయ్.

ఇప్పుడు నువ్వడిగిన సూదుల సంగతి. ప్లేట్‌లెట్ ఇంజెక్షన్ అంటే కుక్క రక్తమే కొంత తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, సెంట్రిఫ్యూజ్ మిషన్లో తిప్పుతారు. ఎర్ర కణాలు అడుక్కి దిగుతాయి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న పొరను వేరు చేసి, కుక్కకు మత్తిచ్చి, వెంట్రుకలు గొరిగి, శుభ్రంగా కడిగి కీలులోకి ఎక్కిస్తారు. దెబ్బ తగిలిన చోట గాయం మాన్పడానికి ఒళ్లు పంపే పదార్థాలే ప్లేట్‌లెట్లలో ఉంటాయి, వాటిని గుత్తగా ఒకచోటికి చేర్చడం దీని ఆలోచన. అదే రోజు అయిపోతుంది. స్టెమ్ సెల్స్ అయితే కొవ్వు ముక్క కోసి తీయాలి, కొందరు అదే రోజు కణాలు వేరు చేసి వేస్తారు, కొందరు ల్యాబులో కొన్ని వారాలు పెంచి వేస్తారు. పెంచి వేసేదైతే రెండుసార్లు మత్తు, ఖర్చు కూడా ఎక్కువ.

"కొత్త కీలు వచ్చినట్టే" అన్నది మాత్రం నిజం కాదు. ఎక్కించిన కణాలు అక్కడ కూర్చుని అరిగిన కీలు గుజ్జును మళ్లీ పేర్చవు. వాటిలో చాలా భాగం ఎక్కువ కాలం బతకవు కూడా. బతికున్నంతలో అవి విడిచే పదార్థాల వల్ల వాపు, మంట తగ్గుతాయి, ప్రధానంగా జరిగేది అదే. అది తక్కువ సంగతేమీ కాదు. తుంటి కీళ్లు అరిగిన కుక్కల మీద స్టెమ్ సెల్స్ ప్రయోగం 2007లోనే జరిగింది, 21 కుక్కలే అనుకో, మందు లేని ఉత్తి సూది వేసిన వాటికంటే ఇవి బాగా నడిచాయి. పోర్చుగల్‌లో పోలీసు కుక్కల తుంటికి ప్లేట్‌లెట్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే సెలైన్ ఎక్కించిన వాటికంటే నయంగా ఉన్నాయి. ఈ ఉపశమనం నెలల లెక్కలో ఉంటుంది, తర్వాత మళ్లీ వేయించాలి. అదే మోకాలిలో లిగమెంటు పూర్తిగా తెగిపోయి ఉంటే ఏ సూదీ దాన్ని అతికించదు. కరియ లాంటి బరువైన కుక్కకు అప్పుడు ఆపరేషనే ప్రధాన దారి, ఎముక కోసి కోణం మార్చి ప్లేటు బిగించే పద్ధతి ఒకటుంది. సగం తెగిన కేసులో మాత్రం ఈ సూదుల మీద కొంత ఆశ పెట్టుకోవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. సూది వేశాక రెండు మూడు రోజులు కుంటు పెరగొచ్చు, అది మామూలే, కానీ కాలు వాచి కాలిపోతూ, జ్వరం వచ్చి, అసలు మోపకపోతే కీలులో చీము పట్టిందేమోనని వెంటనే పరుగెత్తాలి. ఆ తర్వాత కొన్ని వారాలు కట్టేసి, తాడు పట్టుకుని నడిపించాలి. మంద కాసే కుక్కకు ఇది కుదిరే పనేనా? రాత్రి దొడ్డి దగ్గర అలికిడి అయితే కరియ తాడు తెంపుకుని పోతుంది, అంతటితో పెట్టిన దుడ్డు గుట్టెక్కినట్టే. కాబట్టి ఆ వారాలకు ఇంకో కుక్కను ఎరువు తెచ్చుకునే ఏర్పాటు ఉంటేనే దీనికి దిగండి.

నేనైతే ఏం చేస్తానంటే, ముందు 1962కు ఫోన్ చేసి సంచార వాహనం డాక్టరును రప్పించి పాదం, పిడుదులు చూపిస్తా. అక్కడ తేలకపోతే ఎక్స్‌రేకు తీసుకెళ్తా. అనంతపురంలో తేలకపోతే ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ ఉంది, తిరుపతి కాలేజీ ఉంది. కుక్కల నొప్పికని తయారైన మందు, మెలాక్సికామ్ లాంటిది, డాక్టరు తూకం చూసి రాసిచ్చింది కొన్నాళ్లు వాడి, విశ్రాంతి ఇచ్చి చూస్తా. అప్పటికీ లాభం లేక, ఎక్స్‌రేలో అరుగుదల కనబడితే, ప్లేట్‌లెట్ ఇంజెక్షన్ ఒకటి వేయించి చూడొచ్చు. స్టెమ్ సెల్ దాకా కరియ విషయంలో నేను పోను. సూది వేయిస్తే ముందూ తర్వాతా అదే దారిలో వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఎందుకంటే దుడ్డు పెట్టిన కంటికి కుక్క ఎప్పుడూ బాగైనట్టే కనబడుతుంది. ఉత్తి సూది వేసిన కుక్కల్ని కూడా బాగుపడ్డాయని యజమానులే కాదు, డాక్టర్లూ రాసిన సందర్భాలు ఉన్నాయి, అందులో మా వాళ్లను వెనకేసుకు రాను.

ప్రశ్న: సార్, నేను కర్నూలులో డాగ్ స్క్వాడ్ హ్యాండ్లరుగా చేశాను. నాతో ఎనిమిదేళ్లు బాంబు డ్యూటీ చేసిన లాబ్రడార్ జూలీ రిటైరయ్యాక మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు 41 కిలోలు. లేవడానికి కష్టపడుతోంది, రెండు తుంటి కీళ్లూ అరిగాయని ఎక్స్‌రే చూసి చెప్పారు. ప్లేట్‌లెట్ ఇంజెక్షన్ రెండు వైపులా వేయించమంటారా?

జవాబు: అన్నా, వేయించవచ్చు. జబ్బు ఎక్కడో తేలింది, కట్టేసి ఉంచడమూ మీకు కష్టం కాదు. కానీ 41 కిలోలతో వేయించకండి. ఆడ లాబ్రడార్‌కు ముప్పై దాటితేనే నేను పక్కటెముకలు తడిమి చూస్తా, జూలీకి అవి చేతికి తగలకపోవచ్చు. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా పెట్టి, ఒక్కో జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెడుతూ బతికినన్నాళ్లూ చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్లు బతికితే ఎక్కువ తిన్నవి 11 ఏళ్లు దాటి కొంచెం, కీళ్ల అరుగుదలకు మందు అవసరం పడింది కూడా తక్కువ తిన్నవాటికే ఆలస్యంగా. ఇంత గట్టి ఆధారం ఏ సూదికీ లేదు.

డ్యూటీలో ఉన్నప్పటి తిండే ఇప్పటికీ పెడుతున్నారని నా అనుమానం. గిన్నెతో అందాజాగా కాకుండా తూకం వేసి పెట్టండి, మీ పిల్లలు టీ దగ్గర వేసే బిస్కెట్లు కూడా లెక్కలోకి వస్తాయి. నెలకు ఒక కిలో, కిలోన్నర తగ్గితే చాలు.

ఇంకొకటి, మీ ఇంట్లో కింద ఏముంది? కర్నూలు ఇల్లంటే బేతంచెర్ల బండలే అయ్యుంటాయి, పాలిష్ పట్టి అద్దంలా మెరుస్తూ. వెనక కాళ్లలో పట్టు లేని కుక్క వాటి మీద లేవబోతే కాళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి, ఒకసారి జారిందంటే భయపడి లేవడమే మానేస్తుంది. పడుకునే చోటు నుంచి గుమ్మం దాకా గోనె పట్టాలు కుట్టి పరవండి, లేదా రబ్బరు మ్యాట్లు వేయండి, గోళ్లు కత్తిరించండి. ఇది చేసిన వారానికే చాలామంది "సార్, సూది అవసరమా" అని ఫోన్ చేశారు.

ప్రశ్న: కుక్క కుంటుతుంటే మా ఆయన వేసుకునే నొప్పి మాత్ర, డైక్లోఫెనాక్, సగం ముక్క అన్నంలో కలిపి పెట్టాను. తగ్గింది. రోజూ పెట్టొచ్చా? (జమ్మలమడుగు)

జవాబు: వద్దమ్మా, ఈ పూట నుంచే ఆపండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలు దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వేయొద్దు. విరేచనం తారులా నల్లగా అవుతోందా, వాంతులున్నాయా చూడండి, ఉంటే రేపటిదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. డాక్టరుకు మాత్ర పెట్టిన సంగతి దాచొద్దు, ఆయన ఇంకో నొప్పి మందో, స్టెరాయిడో పైన ఇస్తే ప్రమాదం. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ను 2006లోనే మన దేశంలో నిషేధించారు, ఆ మందు ఎక్కిన పశువు కళేబరం తిని రాబందులు లక్షల్లో చచ్చిపోయాయి. నా చిన్నప్పుడు ఊరి బయట పడేసిన ఎద్దు చుట్టూ అవి కూర్చునేవి. మా మనవడికి రాబందు అంటే బొమ్మల పుస్తకంలో చూపించాల్సి వచ్చింది.

ప్రశ్న: ఇవే ప్లేట్‌లెట్ సూదులు మా అమ్మ మోకాళ్లకు పని చేస్తాయా? మీరు కుక్కలకు వేయించారుగా, అనుభవంతో చెప్పండి. (పులివెందుల)

జవాబు: అమ్మను నా దగ్గర కూర్చోబెట్టకు బాబూ, ఆమె వింటే కొడుతుంది. ఎముకల డాక్టరు చెప్పాల్సిన మాట అది. ఆయన్ని అడగడానికి ఒక్క సంగతి చెప్తా, ఆస్ట్రేలియాలో 288 మంది మోకాళ్ల మీద ఈ సూదినీ ఉప్పునీటి సూదినీ పోల్చి చూసి 2021లో ప్రచురించారు, ఏడాది తర్వాత నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. జాబు అడుగున గేదెకు పాలు తగ్గాయని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అది నా పని. ఎప్పుడు ఈనింది, ఏం మేపుతున్నారు, పొదుగు గట్టిగా ఉందా మెత్తగా ఉందా రాసి పంపు.